చేపల్లేని తొట్టి

ఆవిడని అందరూ చేపలక్క అంటారు. చేపలు పట్టదు, అమ్మదు, ముళ్ళు తీసుకునే ఓపిక లేక తినదు కూడా. ఇళ్ళలో జనం ముచ్చటపడి పెట్టుకున్న అక్వేరియంలు శుభ్రం చెయ్యడం ఆవిడ పని. అంతకుముందు పన్నెండేళ్ళు రంగుచేపల దుకాణంలో పనిచేసింది. ఆ దుకాణం మూతపడ్డాక, అక్కడ చేపలు కొన్నవాళ్ళే ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి, "అక్కా, అద్దమంతా పాచి పట్టేసింది, లోపల చేపలున్నాయో లేదో కూడా తెలియడం లేదు, ఒకసారి వచ్చి చూడవా" అని బతిమాలారు. ఒకటి రెండు ఇళ్ళతో మొదలై పదకొండిళ్ళయ్యాయి. అందులో మాది ఒకటి.

ఆవిడ సంచిలో ఏముండేదో నాకు కంఠతా వచ్చు. రెండు స్పాంజీలు, మూలల్లోకి దూరడానికి పాత పళ్ళ బ్రష్షు, గట్టిపడ్డ పాచి గీకడానికి గడువు తీరిన ప్లాస్టిక్ కార్డు, అడుగున చెత్త లాగే గొట్టం, నాలుగు మెత్తటి గుడ్డలు. చేతికి ఒక ఎర్ర బకెట్టు. అది కొన్న నాటి నుంచి సబ్బు మొహం చూడలేదని గొప్పగా చెప్పుకునేది. చేతులు మోచేతుల దాకా కడుక్కుని, ఉంగరం తీసి నడుము దగ్గర దోపుకుని, అప్పుడు తొట్టి మూత తీసేది. అద్దం మీద స్పాంజీ పైనుంచి కిందికి ఒకే దారిలో దింపేది. అటూ ఇటూ రుద్దితే ఇసుక రవ్వ ఇరుక్కుని గీత పడుతుందట.

కొత్తగా చేపలు పెంచేవాళ్ళకి ఆవిడ చెప్పే మొదటి పాఠం మాత్రం వేరే. "సబ్బు, కిటికీ అద్దాలు తుడిచే మందు, సెంటు, ఏదైనా సరే, వాసనొచ్చేది తొట్టి దరిదాపులకి రానివ్వకండి. వాటికి ఊపిరి ఆ నీళ్ళలోంచే. మన గదిలో ఎవరో పొగబెట్టి తలుపేసి పోయినట్టుంటుంది వాటికి."

ఈ మాట కనీసం వంద మందికి చెప్పి ఉంటుంది. అటువంటి మనిషే ఆ తప్పు చేసింది.

పదకొండిళ్ళలోనూ ఆవిడకి ఇష్టమైన ఇల్లు ప్రూఫుల బాబాయిగారిది. ఆయన ఒక అచ్చాఫీసులో నలభై ఏళ్ళు ప్రూఫులు దిద్దారు. ఉద్యోగం మానేశాక కూడా ఒక చిన్న మాసపత్రికవాళ్ళు పేజీలు ఇంటికి పంపేవారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ఎర్ర పెన్ను ఉండేది. ఆ అపార్ట్‌మెంటు లిఫ్టు దగ్గర "లిప్టు పని చెయదు" అని ఎవరో కాగితం అంటిస్తే, మూడంతస్తులు మెట్లు దిగి వచ్చి ఒత్తూ దీర్ఘమూ దిద్ది, ఆయాసపడుతూ మళ్ళీ మెట్లెక్కి వెళ్ళిన మనిషి. భార్య పోయి నాలుగేళ్ళు. బట్టల దుకాణంలో మేనేజరుగా చేసే కూతురితో ఉంటారు. ఆ అమ్మాయి పొద్దున తొమ్మిదికి వెళ్తే మళ్ళీ ఇల్లు చేరేది ఏడింటికే. పగలంతా ఇంట్లో ఆయన, ఆయన పేజీలు, ముందుగదిలో మూడు బంగారు చేపలు.

చేపలకి పేర్లు పెట్టింది ఆయనే. తోక వంకర తిరిగినది కామా. గుండ్రంగా నల్లగా ఉన్నది ఫుల్‌స్టాపు. మూడోది అన్నిటికన్నా పెద్దది, ఒక కన్ను మీద సిరా ఒలికినట్టు మచ్చ ఉన్నది, అచ్చుతప్పు. పదకొండేళ్ళ నాడు దుకాణంలో ఆ మచ్చ చూసి ఎవరూ కొనకపోతే, "పాపం, దీన్నెవరు తీసుకెళ్తారండీ, మనమే తీసుకుపోదాం" అని బాబాయిగారి భార్య పట్టుబట్టి కొనిపించింది. ఆ రోజు వల వేసి ఆ చేపని సంచిలో పెట్టి ఇచ్చింది మన చేపలక్కే.

ప్రతి మంగళవారం తొమ్మిదిన్నరకి ఆవిడ వెళ్ళేది. ఆవిడ అద్దం తుడుస్తుంటే ఆయన పేజీలు దిద్దుతూ మధ్యలో పరీక్ష పెట్టేవారు.

"అమ్మాయ్, 'శుభ్రం'లో బాకి ఒత్తుందా లేదా?"

"శుభ్రం నా గుడ్డకుంటే చాలదా బాబాయిగారూ?"

ఆయన పగలబడి నవ్వి, తన కాఫీలో సగం ఇంకో గ్లాసులో వంచి ఆవిడకిచ్చేవారు.

ఒక మంగళవారం పొద్దున్నే పళ్ళ డాక్టరు దగ్గర నుంచి ఆవిడకి ఫోనొచ్చింది. ఆయన ఆసుపత్రిలో రోగులు కూర్చునే గదిలో ఆరడుగుల అక్వేరియం పెట్టించాడట. పదకొండింటికల్లా వచ్చి చూస్తే పని అప్పగిస్తానన్నాడు. ఆరడుగుల అద్దం మీద చెయ్యి వెయ్యడం చేపలక్కకి దుకాణం రోజుల నుంచీ ఉన్న కోరిక. ఆ సంబరంలో బాబాయిగారింట్లో పని పది దాటేసరికే ముగించేసింది. పాచి తీసింది, నాలుగోవంతు నీళ్ళు మార్చింది. మూత పక్కన ఆరబెట్టి చూసుకుంటే బయటి అద్దం నిండా జిడ్డు మరకలు. ఎదురింటి పిల్లలు ముక్కులు ఆనించి చూసి వెళ్ళారు. తడిగుడ్డతో ఎంత రుద్దినా పోవు, ఇంకా పాకుతాయి.

వంటింటి గూట్లో నీలం రంగు సీసా ఉంది, కిటికీ అద్దాల మీద చల్లి తుడిచేది. బాబాయిగారు లోపలి గదిలో పత్రికవాళ్ళతో ఫోన్లో గట్టిగా వాదిస్తున్నారు. ఆవిడ ఆ సీసా తెచ్చి, తొట్టి మూత తెరిచి ఉండగానే, బయటి అద్దం మీద నాలుగుసార్లు చల్లింది. మరకలు మాయమైపోయాయి. అద్దం తళతళలాడింది. అప్పుడు లోపలివైపు నీటి అంచున తెల్లటి ఉప్పుగీత ఒకటి మిగిలిపోయి కనిపించింది. చేతిలో ఉన్న గుడ్డతోనే దాన్ని తుడిచింది. పోలేదు. అలవాటు కొద్దీ గుడ్డని తొట్టి నీళ్ళలో ముంచి, పిండి, మళ్ళీ తుడిచింది.

అప్పుడు తగిలింది ముక్కుకి ఆ ఘాటు వాసన.

ఒక్క క్షణం చెయ్యి ఆగింది. గోడ గడియారం వైపు చూసింది. 'ఇన్ని నీళ్ళలో ఆ కాస్త ఏం చేస్తుందిలే' అనుకుంది. నీళ్ళన్నీ మార్చాలంటే గంట పడుతుంది. మూత పెట్టేసి, సీసా గూట్లో పెట్టేసి, "వెళ్ళొస్తా బాబాయిగారూ" అని కేకేసి మెట్లు దిగింది. కాఫీకి కూడా ఆగలేదు.

డాక్టరు పని అప్పగించాడు. ఆ రోజంతా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు.

మర్నాడు ఎనిమిదిన్నరకి బాబాయిగారి కూతురు ఫోన్ చేసింది. "అక్కా, ఒకసారి రాగలరా? చేపలకేదో అయింది."

వెళ్ళేసరికి కామా, ఫుల్‌స్టాపు వెల్లకిలా తేలి ఉన్నాయి. అచ్చుతప్పు పైకి వచ్చి నోరు తెరిచి తెరిచి మూస్తోంది. తొట్టి మూలల్లో సన్నటి నురగ, వేలితో తాకినా చిట్లని బుడగలు. ఆ బుడగలు చూడగానే ఆవిడకి నిన్నటి గుడ్డ గుర్తొచ్చింది. గబగబా బకెట్లో మంచినీళ్ళు పట్టి అచ్చుతప్పుని అందులోకి మార్చబోయింది. పదకొండేళ్ళ చేప, రెండు అరచేతుల్లో పట్టేంత బరువు. చేతుల్లోనే ఒకసారి తోకాడించి ఊరుకుంది.

బాబాయిగారు బనీను మీద నిలబడి ఉన్నారు. చేతిలో మేత డబ్బా. అది కింద పెట్టాలన్న సంగతి కూడా ఆయనకి తోచినట్టు లేదు.

కూతురు అడిగింది. "నాన్నా, నిన్న ఎన్నిసార్లు మేత వేశావు?"

"ఒకసారే. ఎనిమిదింటికి."

"మధ్యాహ్నం వెయ్యలేదా?"

"లేదు." ఒక క్షణం ఆగి, "వెయ్యలేదనే అనుకుంటున్నా."

"అనుకోవడమేంటి నాన్నా? పోయిన నెల గ్యాసు కట్టేశాననే అనుకున్నావు. గిన్నె మాడి బొగ్గయింది." ఆ అమ్మాయి గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువ. చేపలక్క వైపు తిరిగింది. "మేత ఎక్కువైతే చచ్చిపోతాయా అక్కా?"

చేపలక్క బకెట్లోకి చూస్తూ అంది. "ఎక్కువైతే నీళ్ళు చెడిపోతాయమ్మా."

అంతే. అందులో అబద్ధం లేదు. ఏ పుస్తకం తెరిచినా అదే ఉంటుంది. తర్వాత ఆవిడ ఆ మాటని ఎన్నిసార్లు తిప్పి తిప్పి చూసుకుందో లెక్కలేదు. ఎటు తిప్పినా అబద్ధం దొరకలేదు, నిద్ర మాత్రం పట్టలేదు.

బాబాయిగారు డబ్బా మూత తీసి, లోపల ఎంత మేత ఉందో చూశారు. నిన్న ఎంత ఉందో గుర్తుంటే కదా తేడా తెలియడానికి. మూత పెట్టేశారు. "వేసే ఉంటాను" అన్నారు మెల్లగా.

ఆ మాటతో ఆ ఇంట్లో ఒక్కొక్కటే మారిపోవడం మొదలైంది. మరుసటి మంగళవారానికి పొయ్యి మీద తిప్పే బిళ్ళలు లేవు. కూతురు పీకి బీరువాలో పెట్టింది. పొద్దున్నే కాఫీ ఫ్లాస్కులో పోసి వెళ్తోంది. ఆ పై వారం వీధి తలుపు తాళంచెవి ఆయన దగ్గర లేదు. గ్రంథాలయానికి ఆయన ఒక్కరే వెళ్ళకూడదంది. ఆ అమ్మాయిని తప్పు పట్టడానికీ లేదు. పగలంతా దుకాణంలో నిలబడి, ఇంట్లో నాన్న ఏం చేస్తున్నాడో అని గంటకోసారి ఫోన్ చేసుకునే మనిషి.

తొట్టిని మాత్రం తీసెయ్యనివ్వలేదు బాబాయిగారు. "నీళ్ళు ఉండనీ. అద్దం పాచిపట్టకుండా అమ్మాయి వచ్చి తుడిచి వెళ్తుంది" అన్నారు. చేపలక్కకి కాదనడానికి నోరు రాలేదు. ప్రతి మంగళవారం వెళ్ళింది. లోపల గులకరాళ్ళు, ఒక మట్టి వంతెన, కదలని నీళ్ళు. తుడవడానికి పెద్దగా ఏమీ ఉండదు. అయినా పైనుంచి కిందికి స్పాంజీ దింపేది. అద్దం ఎంత తేటగా ఉంటే లోపల ఖాళీ అంత బాగా కనిపించేది.

బాబాయిగారు ఇప్పుడు ఒక నోటుపుస్తకం పెట్టుకున్నారు. మాత్ర వేసుకుంటే రాసుకునేవారు, కుళాయి కట్టేస్తే రాసుకునేవారు. ఒకరోజు ఆవిడ నీళ్ళు పారబోసి వచ్చేసరికి ఆయన ఆ పుస్తకంలో "9.40, కుళాయి కట్టేశాను" అని రాసి, లేచి వెళ్ళి కుళాయి చూసుకుని, వచ్చి దాని పక్కన "చూశాను" అని రాస్తున్నారు.

"పత్రిక పేజీలు రాలేదా బాబాయిగారూ?" అంది ఆవిడ, ఏదో ఒకటి అనాలని.

"వచ్చాయి. తిప్పి పంపించేశాను. రెండుసార్లు మేత వేసి కూడా వెయ్యలేదనుకున్నవాణ్ణి, తప్పు చూసి కూడా చూడలేదనుకుంటానేమో. వాళ్ళకెందుకు ఆ ఖర్మ?" ఆయన పెన్ను మూత పెట్టి, అడిగారు. "అమ్మాయ్, ఆ రోజు నువ్వున్నావుగా. నీకేమైనా గుర్తుందా? నేను మేత వెయ్యడం చూశావా?"

"నేను చూడలేదు" అంది చేపలక్క. ఇదీ నిజమే.

ఇంటికెళ్ళి భర్తకి చెప్పింది. ఆయన సిటీ బస్సు డ్రైవరు. డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని భోజనం చేస్తున్నాడు. అంతా విని, "చేపలే కదే" అన్నాడు.

"చేపల సంగతి కాదయ్యా. ఆయన తన బుర్ర చెడిపోయిందనుకుంటున్నాడు."

"పెద్దాయన. ఇవాళ కాకపోతే రేపు చెడిపోయేదే కదా బుర్ర."

"నీకిప్పుడే చెడిపోయింది" అని ఆవిడ కంచం ముందు నుంచి లేచిపోయింది.

ఆయన చెడ్డవాడేం కాదు. కాసేపటికి చెయ్యి కడుక్కుని వచ్చి పక్కన కూర్చున్నాడు. "చూడు, నువ్వు చెప్తే ఆ ఒక్క ఇల్లే పోదు. చేపలక్క చేతిలో చేపలు చచ్చాయట అని పదకొండిళ్ళకీ పాకుతుంది. చెప్పినా అవి లేచి రావు. ఇంకేం ఒరుగుతుంది?"

బాబాయిగారికి చెప్పకుండానే మూడు నెలలు గడిచాయి. ఈ మూడు నెలల్లో మా ఇంటికీ వచ్చేది. అద్దం తుడవబోయే ముందు గుడ్డ వాసన చూసుకునేది. తుడుస్తూ తుడుస్తూ మళ్ళీ చూసుకునేది. జలుబు చేసిందేమో, ముక్కు పనిచేస్తోందో లేదో అని చూసుకుంటోందనుకున్నాను. అడిగితే నవ్వేసేది. చిక్కిపోయింది. పళ్ళ డాక్టరుగారి ఆరడుగుల అద్దం గురించి మాత్రం ఒక్కసారి కూడా మాట్లాడలేదు.

మూడో నెలాఖరు మంగళవారం వెళ్ళేసరికి బాబాయిగారి కూతురు ఇంట్లోనే ఉంది. సెలవు పెట్టిందట.

"అక్కా, రండి. ఇవాళ తుడవక్కర్లేదు. తొట్టి మీరే తీసుకెళ్ళిపోండి, ఆటో పిలుస్తాను."

"ఏమైందమ్మా?"

"గురువారం నాన్నని డాక్టరుకి చూపిస్తున్నా. మతిమరుపు పరీక్షలు చేస్తారట. పగటిపూట పెద్దవాళ్ళని చూసుకునే చోటొకటి ఉంది. అక్కడ మాట్లాడాను. ఒకటో తారీకు నుంచి రోజూ పొద్దున దింపి, సాయంత్రం తీసుకొస్తా. ఇంట్లో ఎవరూ ఉండనప్పుడు తొట్టెందుకు?"

బాబాయిగారు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నారు. గడ్డం రెండు రోజులదిగా ఉంది. ఆయన ఎప్పుడూ అలా ఉండే మనిషి కాదు. ఇటు తిరిగి అన్నారు. "తీసుకో అమ్మాయ్. మా ఆవిడ ముచ్చటపడి కొన్న తొట్టి. నీ చేతిలో పడితే చేపలు బతుకుతాయి."

చేపలక్క చేతిలో బకెట్టు కింద పెట్టింది. తొట్టి పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. కూతురు కంగారుపడి, "అక్కా, మంచినీళ్ళు తేనా?" అంది.

"వద్దమ్మా. నా చేతిలోనే చచ్చిపోయాయి బాబాయిగారూ. మీరు మేత ఒకసారే వేశారు. ఎక్కువ వెయ్యలేదు. నేను, ఆ కిటికీల మందు చల్లాను. వంటింట్లోది. ఆ గుడ్డే లోపల ముంచాను."

కూతురికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం ఎర్రబడింది. "ఏంటక్కా మీరనేది? మూడు నెలల నుంచి..."

బాబాయిగారు చెయ్యెత్తి కూతుర్ని ఆపారు. కుర్చీ ఇటు జరుపుకున్నారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకున్నారు. ఆయన గొంతులో కోపం లేదు. అచ్చాఫీసులో ఒక్కో అక్షరం మీద వేలుపెట్టి అడిగేటప్పుడు ఇలాగే అడిగేవారేమో.

"ఎన్ని గంటలకి?"

"పది దాటాక. పదీ పది, పదిహేను."

"నేనెక్కడున్నాను?"

"లోపల. ఫోన్లో మాట్లాడుతున్నారు."

"ఎన్నిసార్లు చల్లావు?"

"నాలుగు."

"గుడ్డ నీళ్ళలో ముంచినప్పుడు నీకు వాసన తెలిసిందా?"

చేపలక్క ఈ ప్రశ్న కోసమే మూడు నెలలుగా భయపడుతోంది. తెలియలేదని ఒక్క మాట అంటే అది పొరపాటుగా మిగిలిపోతుంది. అలా అనమని లోపల ఎవరో చెవిలో చెబుతున్నట్టే ఉంది.

"తెలిసింది" అంది.

"తెలిసి మూత పెట్టావు."

"పెట్టాను."

"మర్నాడు నేను మేత డబ్బా పట్టుకుని నిలబడితే చూశావు."

"చూశాను బాబాయిగారూ."

ఆయన లేచారు. గూట్లోంచి నోటుపుస్తకం తీశారు. ఒక పుస్తకం కాదు, రెండు. మొదటిది అప్పటికే నిండిపోయింది. వాటిని ఆవిడ ముందు పెట్టలేదు, తన చేతిలోనే పట్టుకుని బరువు చూస్తున్నట్టు నిలబడ్డారు.

"కుళాయి కట్టేశానని రాసుకున్నాను. స్నానం చేశానని రాసుకున్నాను. భోజనం చేశానని రాసుకున్నాను అమ్మాయ్. వారం వారం నువ్వు వచ్చి, నేను రాసుకుంటుంటే చూసి, ఆ అద్దం తుడిచి వెళ్ళావు."

చేపలక్కకి ఏడుపు వచ్చింది గానీ, ఏడిస్తే వాళ్ళు తనని ఓదార్చాల్సి వస్తుందేమోనని బలవంతంగా మింగేసింది.

కూతురు అప్పటికి తేరుకుంది. "మరి గ్యాసు మాటేమిటి నాన్నా? అది కూడా..."

"గ్యాసు నేనే మర్చిపోయాను" అన్నారాయన. "అది నాది. నాది కాదని ఎందుకంటాను? చేపలది మాత్రం నాది కాదు." తర్వాత తలుపు వైపు చూపించి, "ఇంక వెళ్ళు" అన్నారు. అమ్మాయ్ అని కూడా అనలేదు.

ఆ వారంలోనే ఆవిడ మిగతా పదిళ్ళకీ, పళ్ళ డాక్టరు దగ్గరికీ వెళ్ళి చెప్పింది. మా ఇంట్లో కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, ఇప్పుడు నేను మీకు చెప్పినదంతా చెప్పింది. ఏదీ దాచుకోలేదు, ఏదీ మెత్తబరచలేదు. "ఇంక మీ ఇష్టం" అంది చివరికి. "వచ్చే వారం ఎప్పటిలాగే రండి" అన్నాను. ఆవిడ తలూపింది గానీ మొహంలో తేలిక కనబడలేదు. నలుగురు రావద్దన్నారు. పళ్ళ డాక్టరు కూడా అదే మాట చెప్పాడు, తానుగా కాదు, ఆసుపత్రిలో టోకెన్లిచ్చే అమ్మాయి చేత చెప్పించాడు. "అడగనివాళ్ళకి కూడా ఊరంతా తిరిగి చెప్పడమేమిటే" అని భర్త తల పట్టుకున్నాడు. అయినా మర్నాడు తన బస్సులోనే ఆవిడ బకెట్టూ సంచీ డ్రైవరు సీటు వెనకాల పెట్టుకుని, మిగిలిన ఇళ్ళ దగ్గరి స్టాపుల్లో ఆవిడని దింపాడు.

బాబాయిగారిని గురువారం డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు. ఆ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. మతిమరుపు ఉంది, వయసుకి తగ్గంత ఉంది, భయపడాల్సిందేమీ లేదన్నారట. ఒక మాత్ర పొద్దున వేసుకోవాల్సింది రాత్రి వేసుకుంటున్నారని, మధ్యాహ్నాలు మగతగా ఉండటం దానివల్లేనని తేలింది. కూతురు దానంతటదే ఆరిపోయే పొయ్యి కొంది. తాళంచెవి తిరిగి ఇచ్చింది. పగటి చోటు మాట మళ్ళీ ఎత్తలేదు. రెండు నెలలకి పత్రికవాళ్ళు పేజీలు పంపడం మొదలుపెట్టారు. మొదటి విడత పేజీలని ఆయన మూడుసార్లు దిద్దారట, ఎప్పుడూ ఒక్కసారే దిద్దే మనిషి.

వెళ్ళమన్న ఏడు నెలల తర్వాత ఆయన చేపలక్కకి ఫోన్ చేశారు. "మంగళవారం ఖాళీయేనా?" అన్నారు, అంతే.

వెళ్ళింది. తొట్టిలో రెండు కొత్త చేపలున్నాయి, వేలెడంతవి. ఆయన కుర్చీ తొట్టికి ఆనించి వేసుకున్నారు. ఆవిడ సంచి విప్పగానే చెయ్యి చాపారు. ఒక్కో గుడ్డా తీసుకుని వాసన చూసి ఇచ్చారు. స్పాంజీలు కూడా. ఆవిడ కడుక్కుని వచ్చిన చేతులు చాపింది. ఆయన వంగి వాటినీ చూశారు. వంటింటి గూట్లో నీలం సీసా లేదు.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం అలాగే జరిగేది. ఆవిడ మూత తీసినప్పటి నుంచి పెట్టేదాకా ఆయన కళ్ళు ఆవిడ చేతుల మీదే. పేజీలు ఒళ్ళో ఉండేవి, దిద్దేవారు కాదు. పరీక్షలు పెట్టేవారు కాదు. కాఫీ ఆయన ఒక్కరే తాగేవారు. చేపలక్కకి అది అవమానంగా అనిపించలేదట. ఆయన అలా చూస్తూ ఉంటేనే ఊపిరాడినట్టుండేదని చెప్పింది.

ఒక మంగళవారం ఆవిడ అద్దం సగం తుడిచేసరికి లోపలి గదిలో ఫోను మోగింది. పత్రికవాళ్ళు. ఆయన ఒకసారి ఆవిడ వైపు, ఒకసారి గది వైపు చూసి, లేచి లోపలికి వెళ్ళారు. ఏదో పేజీ గురించి వాదన మొదలైంది. చాలాసేపు సాగింది. ఆయన తిరిగి వచ్చేసరికి చేపలక్క తొట్టి పక్కన నిలబడి ఉంది. స్పాంజీ పట్టుకున్న చెయ్యి నీళ్ళకి పైన, గాలిలో ఉంది. మోచేతి నుంచి నీళ్ళు కారి నేల తడిసింది.

"ఏమైంది? ఎందుకాగిపోయావు?" అన్నారాయన.

"మీరు లేరుగా."

ఆయన కాసేపు ఆవిడ మొహంలోకి చూశారు. మెల్లగా కుర్చీలో కూర్చుని, కళ్ళజోడు సర్దుకుని, "సరే, కానివ్వు" అన్నారు.

ఆవిడ చెయ్యి కిందికి దించింది.